విమానాల స్కేల్ మోడళ్ళు, ఎయిర్‌బ్రష్ పని: తరచుగా అడిగే ప్రశ్నలు

విమానాల ప్లాస్టిక్ కిట్లను కట్టి, వాటికి ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగును తుంపరగా చిమ్మే పనిముట్టు) రంగులు వేయడం మొదలుపెట్టినవారికి కలిగే సందేహాలు ఏళ్ళ తరబడి దాదాపు అవే. ఒకే జవాబును పదిమందికి పదిసార్లు చెప్పడం కంటే ఒకచోట శ్రద్ధగా రాసిపెట్టడం మేలని ఈ పేజీ సిద్ధం చేశాను. నేను విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో ఈ పని చేస్తాను. కిట్టు పెట్టెలో వచ్చే సూచనల కాగితం మన ఎండనూ, ఉక్కపోతనూ, వానాకాలపు తేమనూ లెక్కలోకి తీసుకోదు. కొత్తవారి పని చెడిపోయినప్పుడు చాలాసార్లు కారణం చేతకానితనం కాదు, ఈ మూడింటిలో ఒకటి. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు.

## కొనే ముందు

1/72, 1/48 అంటే ఏమిటి? నేను ఏది తీసుకోవాలి?

అసలు విమానం మీద 72 అంగుళాలు, అంటే ఆరు అడుగులు, మోడల్ మీద ఒక అంగుళం అయితే అది 1/72. నాలుగు అడుగులు ఒక అంగుళం అయితే 1/48. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు కాబట్టి అది 1/72లో దాదాపు 10 సెంటీమీటర్లు, 1/48లో 15, 1/32లో 22 సెంటీమీటర్లు అవుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన టీయూ-142 రెక్కల వెడల్పు 50 మీటర్లు. దాన్ని 1/72లో కడితే 70 సెంటీమీటర్ల దాకా వస్తుంది, ఇంట్లో ఏ అలమారాలోనూ పట్టదు. అలాంటివాటికి 1/144 ఉంది. యుద్ధవిమానంతో మొదలుపెట్టి, దాని మీదే ఎయిర్‌బ్రష్ నేర్చుకోవాలనుకుంటే 1/48 తీసుకోండి. రంగు చార వెడల్పును అదుపు చేయడం పెద్ద మోడల్ మీద సులువు.

మిగ్-21 అంటే నాకు చాలా ఇష్టం. మొదటి కిట్టు అదే కొనవచ్చా?

కొనవచ్చు, కానీ లోహపు మెరుపుతో ఉండేది కాకుండా బూడిద రంగు ఒక్కటే వేసే బైసన్ (మిగ్-21కు మన వాయుసేన ఆధునీకరించిన రూపం) వంటి రకాన్ని ఎంచుకోండి. మెరిసే పూత కింద ప్రతి గీతా, ప్రతి గీకుడూ బయటపడుతుంది. ఇంకొక జాగ్రత్త, పెట్టె కొత్తదైనా లోపలి అచ్చు పాతది కావచ్చు. 1960లు, 1970లలో తయారైన అచ్చులతోనే ఈనాటికీ కిట్లు వస్తున్నాయి. పాత అచ్చులలో ప్యానెల్ గీతలు, అంటే విమానం రేకుల అతుకులను చూపే గీతలు, ఉబ్బెత్తుగా ఉంటాయి, ముక్కలు సరిగా అమరవు. చెక్ సంస్థ ఎడ్వర్డ్ తయారుచేసే మిగ్-21లు కొత్త అచ్చులు, వివరాలు చాలా బాగుంటాయి కానీ చిన్న ముక్కలు ఎక్కువ. మీ ఓపిక ఎంతో తెలియకముందే అంత వివరమైన కిట్టు వద్దనుకుంటే, టమియా వారి స్పిట్‌ఫైర్ వంటి ఒకే ఇంజను, ఒకే జత రెక్కల విమానంతో చేయి తిరిగాక మిగ్ పెట్టె తెరవండి. రెండంతస్తుల రెక్కలూ, వాటి మధ్య తీగలూ ఉండే పాత విమానాలను మాత్రం మొదట్లో ముట్టుకోవద్దు.

ఎయిర్‌బ్రష్ లేకుండా మొదలుపెట్టవచ్చా?

తప్పకుండా. మొదటి రెండు కిట్లకు కుంచె, స్ప్రే డబ్బా చాలు. అతికించడం, రుద్దడం కుదిరాకే ఎయిర్‌బ్రష్ ఖర్చుకు ఫలితం దక్కుతుంది, ఎందుకంటే ఎంత మంచి రంగైనా అడుగున ఉన్న లోపాన్ని దాచదు.

ఏ పనిముట్లు తప్పనిసరి?

ఒకవైపు చదునుగా ఉండే సన్నని కటింగ్ ప్లయర్, 11వ నంబరు బ్లేడు పట్టే హాబీ కత్తి, సన్నని మొనల పట్టకారు, రంగు తగలకూడని చోట అంటించే మాస్కింగ్ టేపు, 400 నుంచి 2000 దాకా నంబర్ల వాటర్ పేపర్. వాటర్ పేపర్, అంటే నీళ్ళతో తడిపి రుద్దే నల్ల గరుకు కాగితం, ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. దాన్ని ఐస్‌క్రీం పుల్లకు అంటిస్తే మంచి పనిముట్టు అవుతుంది. రంగు వేసేటప్పుడు చిన్న ముక్కలను పట్టుకోవడానికి చీపురుపుల్ల, బట్టల క్లిప్పు సరిపోతాయి.

## అతికించే దశ

ముక్కలను సబ్బు నీళ్ళతో కడగాలా?

కడగండి. అచ్చు నుంచి ముక్క ఊడిరావడానికి పూసే జిడ్డు కొంత మిగిలి ఉండవచ్చు, మన చేతి చెమట ఎలాగూ అంటుకుంటుంది. అంట్ల సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్ళు చాలు. వేడినీళ్ళు వద్దు, పలుచని రెక్కలు వంకరపోతాయి.

ముక్కలు అంటుకుని వచ్చే ఫ్రేమ్ నుంచి కోసిన చోట తెల్లటి మచ్చ, గుంట పడుతున్నాయి. ఎందుకు?

ముక్కకు ఆనుకుని ఒకే దెబ్బలో కోయడం వల్ల. మొదట రెండు మిల్లీమీటర్లు వదిలి కోయండి. మిగిలిన మొలకను కత్తితో పలుచని పొరలుగా చెక్కి, 600 కాగితంతో చదును చేయండి.

ఏ జిగురు వాడాలి? సూపర్ గ్లూ సరిపోతుందా?

ఈ కిట్లు పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. వీటికోసం అమ్మే పలుచని సిమెంటు నిజానికి జిగురు కాదు, ప్లాస్టిక్‌ను కరిగించే ద్రావకం. రెండు అంచులూ కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఆరాక అది ఒకే ముక్క. ముక్కలను దగ్గరగా పట్టుకుని, కుంచె మొనను సందుకు తాకిస్తే ద్రవం తనంతట తానే గీత వెంట పరుగెత్తుతుంది. వేలు ఆ గీత మీద ఉంటే మాత్రం వేలిముద్ర ప్లాస్టిక్‌లో శాశ్వతంగా నిలుస్తుంది.

సూపర్ గ్లూ రెజిన్ ముక్కలకు, పలుచని లోహపు రేకులకు మంచిది. కాక్‌పిట్ అద్దం దగ్గరికి దాన్ని రానివ్వకండి. నా రెండో కిట్టులో అద్దాన్ని దానితోనే అతికించి పడుకున్నాను, తెల్లవారేసరికి లోపలి వైపంతా బూడిద చల్లినట్టు పొగబారింది. ఆ జిగురు ఆవిరి దగ్గరలోని ఉపరితలం మీద పేరుకుని, తేమతో గట్టిపడటమే దానికి కారణం. అద్దాలకు చెక్కపనిలో వాడే తెల్ల జిగురు వాడండి. అది పారదర్శకంగా ఆరుతుంది, తేడా వస్తే తడిబట్టతో తుడిచేయవచ్చు.

రెండు సగాలు కలిసిన గీత ఎంత రుద్దినా కనిపిస్తూనే ఉంది. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగినవారు ఇప్పటికే మంచి దారిలో ఉన్నారని నా నమ్మకం, ఎందుకంటే మోడల్‌కూ బొమ్మకూ తేడా తెచ్చేది ఈ గీతే. కొండపల్లి కళాకారులు పొణికి చెక్క ముక్కలను అతికి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, అది ఆరాక నునుపు చేసి, ఆ తర్వాతే రంగు వేస్తారు. మన పని వరుస కూడా అచ్చంగా అదే.

అతికించేటప్పుడే సిమెంటు కొంచెం ఎక్కువగా పెట్టి, ఒక్క క్షణం ఆగి, సగాలను నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసకట్టులా గీత వెంట పైకి ఉబుకుతుంది. దాన్ని అప్పుడే రుద్దకూడదు. పూర్తిగా గట్టిపడటానికి కనీసం రెండు రోజులు ఇవ్వండి. తొందరపడి మర్నాడే రుద్దితే, లోపల ఇంకా ఆరుతున్న ప్లాస్టిక్ వారం తర్వాత కుంగి, రంగు కింద గీత మళ్ళీ తేలుతుంది. సందు మిగిలితే మోడల్ పుట్టీ పెట్టండి. గోడలకు పెట్టే లప్పం పనికిరాదు, ప్లాస్టిక్‌ను పట్టుకోక పెచ్చులుగా లేస్తుంది. పుట్టీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి లోతైన సందులను ఒకేసారి నింపకుండా పలుచని పొరలుగా నింపండి. తర్వాత 400, 600, 1000 వరుసలో తడికాగితంతో రుద్ది, గీత మీద గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకుంటే పని మిగిలి ఉన్నట్టే. రుద్దడంలో చెరిగిన ప్యానెల్ గీతలను గట్టి టేపును ఆనికగా అంటించి, సూదితో తేలికగా నాలుగైదుసార్లు గీసి తిరిగి తెచ్చుకోవాలి.

నా జెట్ విమానం తోక మీద కూర్చుంటోంది. ఎలా సరిచేయాలి?

ముందు చక్రం ముక్కు కింద ఉండే విమానాలలో, వెనక చక్రాలకు ముందువైపు బరువు చాలకపోతే ఇలా జరుగుతుంది. సగాలను మూసేముందే ముక్కులో బరువు పెట్టాలి. వలలకు కట్టే సీసపు గుళ్ళు చవక, చిన్నచోట పడతాయి. వాటిని ఎపాక్సీతో గానీ సూపర్ గ్లూతో గానీ బిగించండి, తెల్ల జిగురుతో వద్దు. అందులోని ఆమ్లం వల్ల సీసం తెల్లగా తుప్పుపట్టి ఉబ్బి, కొన్నేళ్ళకు ముక్కునే చీల్చగలదు. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

## ఎయిర్‌బ్రష్, కంప్రెసర్

ఏ రకం ఎయిర్‌బ్రష్ కొనాలి?

డబుల్ యాక్షన్, పైన రంగు గిన్నె ఉండేది, 0.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో. విమానాల పనిలో ఎక్కువ భాగం దానితో జరిగిపోతుంది. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తుంది. వేలికి అలవాటు చేయవలసిన క్రమం ఒకటే. ముందు గాలి మొదలవ్వాలి, చివర రంగు ఆగాకే గాలి ఆగాలి. గాలి ముందే ఆగితే సూది మొన మీద మిగిలిన రంగు మరుసటిసారి చుక్కగా మోడల్ మీద చిమ్ముతుంది. పాత పత్రికల మీద చుక్కలు, గీతలు వేస్తూ వారం గడపండి. సూది మొన చాలా సున్నితం. ఒక్కసారి నేల తాకి వంగితే రంగు ఎప్పుడూ ఒక పక్కకే చిమ్ముతుంది.

కంప్రెసర్‌కు ట్యాంకు తప్పనిసరా?

నా అభిప్రాయంలో తప్పనిసరి. ట్యాంకు లేని చిన్నవి గాలిని కొట్టుకుంటున్న నాడిలా పంపుతాయి, సన్నని గీతలో అది కనిపిస్తుంది. పైగా ఆగకుండా నడిచి వేడెక్కుతాయి. 3 లీటర్ల ట్యాంకు, గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్, నీటిని పట్టే ట్రాప్ ఉన్న చిన్న కంప్రెసర్ ఇంటికి చాలు.

రంగు వేస్తుండగా నీటి చుక్కలు పడి అంతా పాడవుతోంది. ఎందుకు?

కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది, గొట్టంలో చల్లారుతుంది. అప్పుడు గాలిలోని తేమ నీరుగా మారి గొట్టం చివరికి చేరుతుంది. కోస్తాలో జూన్ నుంచి నవంబరు దాకా ఇది ఎవరికీ తప్పదు. రెగ్యులేటర్ దగ్గరి ట్రాప్‌కు తోడు, ఎయిర్‌బ్రష్ పిడి దగ్గర మరో చిన్న ట్రాప్ బిగించండి, ఎందుకంటే నీరు ఎక్కువగా గొట్టంలోనే పుడుతుంది. పొడవైన గొట్టం వాడండి. ఇరవై నిమిషాలకోసారి కంప్రెసర్‌ను చల్లారనివ్వండి. గిన్నెలో రంగు పోయకముందు ఉత్తి గాలిని అద్దం మీదికి కొట్టి చూస్తే చుక్కలు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. పని ముగిశాక ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పి నీరు వదిలేయాలి, లేకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఈ పని చేయడం ప్రమాదమా?

జాగ్రత్త లేకపోతే ప్రమాదమే. లాకర్ రంగుల, అంటే ఘాటైన ద్రావకంలో కలిపిన రంగుల, ఆవిరి నిప్పంటుకునే గుణం కలది. వంటగది పొయ్యి, పూజగదిలో వెలుగుతున్న దీపం, అగరుబత్తి, ఇవేవీ దగ్గరలో ఉండకూడదు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు రంగు తుంపరలను కొంత ఆపినా ద్రావకపు ఆవిరిని ఆపలేవు. అందుకు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు ఉన్న రెస్పిరేటర్ కావాలి. కిటికీలోంచి బయటికి గాలి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోండి. నీటి ఆధారిత రంగులకు వాసన లేనంత మాత్రాన మాస్కు తీయకండి, రంగు రేణువులు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది వాటితోనూ అంతే.

## రంగు వేసే దశ

ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, వేయకపోతే ఏమవుతుంది?

నీటి ఆధారిత రంగులైతే మాస్కింగ్ టేపుతో పాటు లేచివస్తాయి. లాకర్ రంగులు ప్లాస్టిక్‌ను కొద్దిగా కొరికి పట్టుకుంటాయి కనుక కొంత నయం. అయినా బూడిద రంగు ప్రైమర్ వేయడానికి నేను చెప్పే అసలు కారణం వేరు. పుట్టీ, ప్లాస్టిక్, సూపర్ గ్లూ మూడూ ఒకే రంగులోకి వచ్చి, అప్పటిదాకా కంటికి ఆనని లోపాలన్నీ బయటపడతాయి. వాటిని సరిచేసుకోవడానికి అదే ఆఖరి అవకాశం.

రంగును ఎంత పలుచన చేయాలి? ఎంత ప్రెషర్?

పాలంత పలుచన. గిన్నె గోడకు రంగు అంటించి చూస్తే పాలలాగా జారి, వెనక పలుచని పొర మిగలాలి. 15 నుంచి 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి), 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరం మామూలు పనికి సరిపోతాయి. సన్నని చారలకు ఇంకా పలుచన చేసి, 10 నుంచి 12 పీఎస్ఐకి తగ్గించి, దగ్గరగా వెళ్ళాలి. ప్రతి రంగుకూ దాని థిన్నరే వాడండి. టమియా ఆక్రిలిక్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చక్కగా కలుస్తుంది. అదే ఆల్కహాల్‌ను వయేహో వంటి నీటి ఆధారిత రంగులో పోస్తే గడ్డకట్టి జిగటగా మారుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎన్‌సీ థిన్నర్ చాలా ఘాటైనది. అది పనిముట్లు కడగడానికే, మోడల్ మీదికి కాదు.

రంగు ఆరాక ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటోంది. తప్పు ఎక్కడ?

తుంపర మోడల్‌ను చేరేలోపే గాలిలో ఆరిపోతోంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఫిర్యాదు ఎక్కువగా వింటాను. దూరం తగ్గించండి, ప్రెషర్ తగ్గించండి, రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ నాలుగైదు చుక్కలు కలపండి. ఎండ దిగాక, సీలింగ్ ఫ్యాను ఆపి వేయండి. ఫ్యాను ఆ రంగును ఇంకా త్వరగా ఆరబెట్టడమే కాక, తన రెక్కల మీది దుమ్మును మోడల్ మీదికి దింపుతుంది. నేను తెల్లవారుజామున ఐదు గంటలకు వేసుకుంటాను. ఇప్పటికే గరుకైన పొరను పూర్తిగా ఆరనిచ్చి, 2000 కాగితంతో తడిపి మృదువుగా రుద్దితే సరిపోతుంది, అంతా చెరిపేయనక్కరలేదు.

రంగు మధ్యమధ్యలో ఆగిపోతోంది, గిన్నెలో బుడగలు వస్తున్నాయి. ఇవి ఒకటేనా?

కాదు. రంగు క్రమంగా ఆగిపోతే సూది మొన మీద రంగు ఎండినట్టు. థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో మొనను తుడిస్తే మళ్ళీ వస్తుంది. గిన్నెలో బుడగలు వస్తే గాలి వెనక్కి తన్నుతోంది, అంటే నాజిల్ సరిగా బిగలేదు, చీలింది, లేదా ముందు భాగంలో పాత రంగు అడ్డుపడింది.

టేపు తీసినప్పుడు కింది రంగు లేచివస్తోంది. ఎలా ఆపాలి?

టేపును అంటించేముందు అరచేతికి ఒకసారి అద్ది జిగట తగ్గించండి. ఆక్రిలిక్ మీద ఒక రోజు, ఎనామెల్ మీద రెండు మూడు రోజులు ఆగండి. వానాకాలంలో ఇంకొక రోజు కలుపుకోండి. తీసేటప్పుడు పైకి లాగకుండా, టేపును దాని మీదికే మడుస్తూ నెమ్మదిగా వెనక్కి లాగాలి.

లోహపు మెరుపు ఎలా తేవాలి?

మన మిగ్-21లు తొలి సంవత్సరాల్లో రంగు లేకుండా లోహపు మెరుపుతోనే ఎగిరేవి కనుక ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. ఉపరితలాన్ని 2000 దాకా రుద్ది, నిగనిగలాడే నల్ల రంగును అద్దంలా వేసి, రెండు రోజులు ఆరనివ్వండి. దాని మీద లోహపు లాకర్‌ను 12 నుంచి 15 పీఎస్ఐ దగ్గర చాలా పలుచని పొరలుగా వేయండి. మెరుపు పై రంగులో కాదు, ఆ నల్లటి నునుపులో ఉంటుంది. అన్ని రేకులూ ఒకే ఛాయలో ఉండవు. ఇంజను చుట్టూ ఉన్న రేకులను మాస్క్ చేసి కొంచెం ముదురు ఛాయ వేస్తే విమానం నిజమైనదిగా కనిపించడం మొదలవుతుంది.

ప్రతిసారీ ఎయిర్‌బ్రష్ మొత్తం విప్పి కడగాలా?

రంగు మార్చినప్పుడు గిన్నె తుడిచి, థిన్నర్ పోసి, రంగు లేని తుంపర వచ్చేదాకా కొడితే చాలు. రోజు పని ముగిశాక సూది, నాజిల్ విప్పి తుడవండి. మొత్తం ఎయిర్‌బ్రష్‌ను థిన్నర్‌లో నానబెట్టకండి, లోపలి రబ్బరు రింగులు ఉబ్బిపోతాయి.

## డెకాల్స్, తుది పూత

డెకాల్ (గుర్తులు, నంబర్లు అచ్చువేసిన, నీళ్ళలో నానబెట్టి అంటించే పలుచని స్టిక్కర్) చుట్టూ వెండిరంగు మెరుపు కనిపిస్తోంది. ఎందుకు?

మ్యాట్ రంగు గరుకుగా ఉంటుంది. ఆ గరుకు గుంటల్లో డెకాల్ కింద గాలి చిక్కుకుని వెలుతురుకు మెరుస్తుంది. డెకాల్‌కు ముందు నిగనిగలాడే, రంగు లేని క్లియర్ పూత వేసి నునుపు చేయండి. అతికించాక డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం పూస్తే అది ముడతలు పడి భయపెడుతుంది, కానీ ముట్టుకోకండి. ఆరేసరికి ప్యానెల్ గీతలలోకి ఒదిగిపోతుంది. ఇప్పటికే మెరుస్తున్న చోట సూదితో సన్నగా పొడిచి అదే ద్రావణం మళ్ళీ పూయండి.

పాత కిట్టులో డెకాల్ షీటు పసుపుబారింది. పారేయాలా?

పారేయనక్కరలేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తేమ తగలకుండా మూసి, ఎండ పడే కిటికీ అద్దానికి అంటించండి. కొన్ని రోజుల్లో పసుపు చాలావరకు పోతుంది. వాడేముందు ఒక పనికిరాని ముక్కను నీళ్ళలో వేసి, అది చిట్లుతుందేమో చూసుకోండి.

భారత వాయుసేన గుండ్రని గుర్తు ఏ కాలానికి ఏది?

ఇప్పుడున్న గుర్తులో బయట కాషాయం, మధ్య తెలుపు, నడిమిన ఆకుపచ్చ. 1950కి ముందు, స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో అశోకచక్రం వాడారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో ఎగిరిన విమానాల మీద జపాన్ ఎర్ర గుర్తుతో పొరబడకుండా ఎరుపును తొలగించి, ముదురు నీలం, లేత నీలం వలయాలు వేశారు. ఒక విమానం ఎంచుకున్నాక, అదే నంబరు విమానానికి ఆ కాలంలో తీసిన ఫోటోను వెతకండి. ఒకే స్క్వాడ్రన్‌లో రెండు విమానాలు ఒకేలా ఉండకపోవడం మామూలే.

క్లియర్ పూత వానాకాలంలో తెల్లబారింది. మోడల్ పోయినట్టేనా?

పోలేదు. ఒక జూలై సాయంత్రం, బయట చినుకులు పడుతుండగా, మూడు నెలలు కష్టపడి ముగించిన గ్నాట్ విమానానికి లాకర్ క్లియర్ వేశాను. పది నిమిషాల్లో రెక్కలు విరిగిన పాలలా తెల్లబడ్డాయి. ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పూతలో చిక్కుకుంటుంది. గాలి పొడిగా ఉన్న రోజు వచ్చేదాకా ఆగి, రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను మాత్రమే దూరం నుంచి పలుచని తుంపరగా వేస్తే పై పొర తిరిగి కరిగి, తేమ బయటికిపోయి, పూత నిర్మలమవుతుంది. నాకు రెండు విడతల్లో తేటపడింది. చిన్న తేమ మీటరు కొనుక్కోండి. 70 శాతం దాటితే నేను క్లియర్ డబ్బా మూత తీయను.

## పూర్తయ్యాక

దుమ్ము ఎలా దులపాలి? వేరే ఊరికి ఎలా తీసుకెళ్ళాలి?

అద్దాల అలమారా ఉంటే దుమ్ము సగం తగ్గుతుంది, బల్లుల బెడదా ఉండదు. నేరుగా ఎండ పడే గోడకు ఆనించవద్దు, డెకాల్స్‌లోని రంగులు వెలిసిపోతాయి. దులపడానికి మెత్తని మేకప్ బ్రష్ వాడండి, యాంటెన్నాలకు అడ్డంగా కాకుండా ఎప్పుడూ వాటికి సమాంతరంగా కదపండి.

ప్రయాణంలో పొట్లంలా చుట్టకూడదు. గట్టి పెట్టె అడుగున స్పాంజి పరిచి, విమానం పొట్ట ఆనేచోట గాడి కోసి, చక్రాల మీద బరువు పడకుండా పొట్ట మీద కూర్చోబెట్టండి. రెక్కల మీదుగా మెత్తని కాటన్ నాడాతో కట్టండి. కారులో వెళ్తుంటే, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు పెట్టెను కారులో వదలకుండా మీతోపాటు లోపలికి తీసుకెళ్ళండి. మూసిన కారు వేడికి పలుచని రెక్క చివరలు వంగగలవు.